వాచ్ టవర్‌కి ఏ జంతువుని తీసుకోవాలి?

జంతువుల కదలిక, చూపు ఆధారంగా ఆర్కిటెక్చర్ స్టూడియో ప్రాజెక్టుకి వాచ్ టవర్ గీయాలి, ఏ జంతువైతే బాగుంటుంది అని అడిగారు. నా ఓటు పావురానికి.

ఇలాంటి ప్రాజెక్టే చదువుకునే రోజుల్లో అమీన్‌పూర్ చెరువు గట్టు మీద చేశాను. మా బ్యాచ్‌లో చాలామంది నెమలి పురి, కొంగ మెడ గీశారు. షీటు మీద బ్రహ్మాండంగా ఉన్నాయి. పైకెక్కినవాడికి మాత్రం ఏ టవర్‌ నుంచైనా కనిపించేదే కనిపిస్తుంది.

చార్మినార్ దగ్గర నిలబడి పావురం నడక చూడండి. తల ఊపుతున్నట్టే ఉంటుంది. నిజానికి తలను ముందుకు చాచి, ఒళ్లు వచ్చి అందుకునేదాకా దాన్ని కదలకుండా ఉంచుతుంది. చుట్టూ ఉన్నది చెదరకుండా కనిపించేది అప్పుడే. 1978లో బ్యారీ ఫ్రాస్ట్ అనే శాస్త్రవేత్త పావురాలను ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. చుట్టూ దృశ్యం కదలకపోయేసరికి తల ఊపడం ఆగిపోయింది. అంటే ఆ ఊపు చూపు కోసమే.

నా టవర్ సెక్షన్, అంటే నిలువుగా కోసి లోపల చూపించే డ్రాయింగ్, అంతా దీని మీదే నడిచింది. మెట్ల పొడవునా మూసిన గోడ, మెట్ల మధ్య ఆగే ల్యాండింగ్ దగ్గర మాత్రమే ఓపెనింగ్. నడిచేటప్పుడు నడక, ఆగినప్పుడు చూపు. ప్రాజెక్టుకి మార్కులేసే జ్యూరీ ఎక్కువసేపు మాట్లాడింది మాత్రం స్ట్రక్చర్ గురించి. ఎక్కేవాళ్ల అడుగులకు పైన నిలబడి చూసే డెక్ అదిరితే బైనాక్యులర్‌లో పక్షి నిలవదు. అందుకే మెట్లకు వేరే స్తంభాలు, డెక్‌కు వేరే స్తంభాలు, మధ్యలో గ్యాప్ ఇచ్చాను. మీరు ఏ జంతువుని ఎంచుకున్నా ఇది మాత్రం వదలొద్దు.

గుడ్లగూబ కళ్లు గూళ్లలో తిరగవు, అందుకే మెడ దాదాపు 270 డిగ్రీలు తిప్పుతుంది. ఇది వినగానే అందరికీ తిరిగే డెక్ గుర్తొస్తుంది. మోటారు, బేరింగులు, మెయింటెనెన్స్... ఆ టెన్షన్ ఎందుకండీ? చుట్టూ బాల్కనీ వేస్తే మనిషే తిరుగుతాడు.

సైట్ వనస్థలిపురంలోని జింకల పార్కు హరిణ వనస్థలి లాంటిదైతే కృష్ణజింక వైపు నుంచి కూడా ఆలోచించండి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, కంటిపాప అడ్డంగా సాగి ఉంటుంది. దూరంగా నేల మీద ఏది కదిలినా ఇట్టే పసిగడుతుంది. ఆకాశం బ్యాక్‌గ్రౌండ్‌గా రెయిలింగ్ దగ్గర నిలబడి చేతులూపే మనుషులు కనబడితే ఇంకేముంది, పరుగే. పైకప్పు వేసి, వెనక గోడ మూసి, లోపల ముదురు రంగు వేయండి. ముందు అడ్డంగా సన్నటి సందు చాలు. అది కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులో ఒకటి, నిలబడ్డవాళ్లకి ఒకటి ఉండాలి, లేదంటే పిల్లలకు గోడ తప్ప ఏమీ కనిపించదు.