రంగు వేయించాక కారు వెనక్కి తీసుకోమంటే కుదరదు

సందేహం: మా నాన్నగారికి యౌవనం నుంచీ బ్రిటిష్ ఎంజీబీ స్పోర్ట్స్ కారంటే ప్రాణం. ఆయన కోసమే రెండేళ్ల నాలుగు నెలల కిందట ఒక వ్యక్తి దగ్గర 1967 నాటి ఎంజీబీ కొన్నాను. ‘ఇంజన్ ఫ్యాక్టరీలో బిగించినదే, బాడీకి ఎక్కడా తుప్పు లేదు’ అని అతను వాట్సాప్‌లో రాశాడు. కారు వచ్చిన కొద్ది నెలలకే నాన్నగారు పోయారు. ఏడాది కిందట మెకానిక్ చూసి ఇంజన్ మీది నంబరు, ఆర్‌సీలోని నంబరు ఒకటి కావని, తలుపుల కింది రేకు తుప్పుపట్టిపోతే పుట్టీతో కప్పారని చెప్పాడు. అమ్మిన వ్యక్తి ‘సర్దుబాటు చేద్దాం’ అంటూ నెట్టుకొచ్చి, ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. ఈలోగా కారుకు కొత్త రంగు వేయించాను. ఆర్‌సీ ఇంకా అతని పేరు మీదే ఉంది. ఆర్‌సీలోని నంబరునే ఇంజన్ మీద కొట్టిద్దామని మెకానిక్ అంటున్నాడు. నాన్నగారి ఆశతో ఆడుకున్న ఈ మనిషికి కారు తిరిగి ఇచ్చేసి నా డబ్బు రాబట్టుకోగలనా?

సమాధానం: కారు తిరిగి ఇవ్వలేరు. మీ ఉత్తరంలో కేసును తేల్చే విషయం నాన్నగారి ఆశ కాదు, అమ్మినవాడి బుద్ధీ కాదు. మీరు అంత ముఖ్యం కాదన్నట్టు రాసి వదిలేసిన రంగు సంగతి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, సరుకు అందాక దాన్ని తన సొంతంగా భావించి ఏదైనా చేసినా, వద్దని చెప్పకుండా తగిన గడువు దాటేదాకా ఉంచుకున్నా కొన్నవాడు దాన్ని అంగీకరించినట్టే. లోపం తెలిశాక ఏడాదిపాటు ఉంచుకుని, పైగా రంగు వేయించి, ఇప్పుడు వద్దంటే ఏ కోర్టు వింటుంది? అంగీకరించాక మిగిలేది నష్టపరిహారం దావా ఒక్కటే. రాసి ఇచ్చినట్టు ఉండి ఉంటే కారుకు పలికే విలువకు, ఉన్నది ఉన్నట్టుగా దానికి పలికే విలువకు మధ్య తేడా అడగవచ్చు.

ఆ తేడా చిన్నదేమీ కాదు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన వింటేజ్ విభాగం 50 ఏళ్లు దాటిన కార్లకు వర్తిస్తుంది గాని, చాసిస్ (అడుగు చట్రం), బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉంటేనే. మీ కారుకు ఆ రిజిస్ట్రేషన్ దక్కడమే అనుమానం. ఈ ఒక్క అంశం చాలు, ఇంజన్ మారడం వల్ల మీకు జరిగిన నష్టం కోర్టుకు అర్థమవడానికి.

ఇక కాలపరిమితి. ఒప్పంద ఉల్లంఘనకు మూడేళ్లు. మోసం ఉంటే అది తెలిసిన రోజు నుంచి లెక్క అనే వాదన ఉంది. కానీ దాని మీద ఆధారపడవద్దు. మీరు పంపిన ఫోటో చూశాను. ఎంజీబీ ఇంజన్ కుడి పక్కన బ్లాకుకు బిగించిన చిన్న లోహపు పలక మీద నంబరు 18వీ అని మొదలవుతోంది. 1967 నాటి కార్లలో ఎక్కువ వాటికి 18జీబీ ఉంటుంది. 18వీ వరస 1970ల నాటిది. అంటే బానెట్ ఎత్తి వంగి చూస్తే మొదటి రోజే తెలిసేది! కాస్త శ్రద్ధ పెడితే అప్పుడే తెలిసేదని అవతలి వకీలు అంటే మీ దగ్గర జవాబు లేదు. కాబట్టి కారు చేతికందిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. మీకున్నది ఎనిమిది నెలలు. అతను ఫోనులో ఇచ్చిన హామీలు ఈ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. గడువులోపు బాధ్యతను ఒప్పుకుంటూ రాతపూర్వకంగా సంతకం చేసి ఇస్తేనే పెరుగుతుంది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు ఎలాగూ దాటింది. వ్యాపారి కాని మనిషి తన సొంత కారు అమ్ముకుంటే ఆ దారిలో వెళ్లడమూ కష్టమే.

సాక్ష్యానికి వస్తే, వాట్సాప్ సందేశమే మీ ప్రాణవాయువు. సందేశాలున్న ఫోను అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. తెర ఫోటోలు ఒక్కటే చాలవు, 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన ధ్రువపత్రం జతచేయాలి. ‘ఇంజన్ మార్చింది నువ్వే’ అని అతను తప్పకుండా అంటాడు, ఎందుకంటే మెకానిక్ చూసేనాటికి కారు ఏడాదికి పైగా మీ దగ్గరే ఉంది. అమ్మకానికి ముందు అతను పంపిన ఇంజన్ ఫోటోలను పెద్దవి చేసి చూడండి. పలక మీద 18వీ కనబడితే ఆ నోరు మూతపడుతుంది. ‘మరి నువ్వెందుకు చూసుకోలేదు?’ అనే ప్రశ్న వస్తుంది, రానివ్వండి. తెలిసి తెలిసి అబద్ధం రాసినవాడికి కొన్నవాడి అజాగ్రత్త పెద్దగా అక్కరకు రాదు. ఇంగ్లండులోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం, ఫ్యాక్టరీ రికార్డులు చూసి హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. తయారైన నాటి ఇంజన్ నంబరు సాధారణంగా అందులో ఉంటుంది. ఈరోజే దరఖాస్తు చేయండి. తుప్పు సాక్ష్యాన్ని మాత్రం మీ చేతులతో మీరే రంగు కింద పాతిపెట్టారు. రంగు వేయకముందు షెడ్డులో తీసిన ఫోటోలు, బిల్లు ఉంటే వెతకండి. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని తలుపు కింది రేకు పొడవునా జరిపితే పుట్టీ ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. కారుకు విడిగా చాసిస్ లేదు, బరువు మోసేది ఆ రేకే. అందుకే ఇది అందానికి సంబంధించిన లోపం కాదని నిపుణుడి నివేదికలో రాయించండి. దావా వేశాక కోర్టు నియమించే కమిషనర్‌తో కారును పరీక్షింపజేయమని కోరవచ్చు.

మెకానిక్ సలహా వినగానే మీరు అతన్ని అక్కడి నుంచి పంపేయాల్సింది. ఇంజన్ మీద నంబరు కొట్టించిన క్షణంలో మోసపోయినవారు కాస్తా మోసగాడి వరసలోకి చేరతారు. క్రిమినల్ కేసులో ముద్దాయి మీరే అవుతారు. దావాకు ఉన్న కీలక సాక్ష్యాన్ని ధ్వంసం చేసిందీ మీరే. పైగా ఆ ఇంజన్ ఏ దొంగ బండిదో కూడా మీకు తెలియదు. పలకను తాకవద్దు, ఎవరినీ తాకనివ్వవద్దు.

ఆర్‌సీ విషయంలో మీ నిర్లక్ష్యానికి క్షమాపణ లేదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ కింద కొన్నవారు 30 రోజుల్లో బదిలీకి తెలియజేయాలి, మీరు రెండేళ్లు దాటించారు. ఇంజన్ మారితే 14 రోజుల్లో చెప్పాలని 52వ సెక్షన్. నంబర్లు తేడాగా ఉంటే, యజమాని వాదన విన్నాక రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం 55వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి దాచకుండా, ముందు మీ వకీలు ద్వారా లీగల్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపించి, ఆ నకలు, నిపుణుడి నివేదిక జతచేసి ఆర్టీవోకు మీరే రాతపూర్వకంగా తెలియజేయండి. నోటీసులో పదిహేను రోజుల గడువు చాలు. జవాబు రాకపోతే పదహారో రోజున దావా పత్రాలు సిద్ధం చేయించండి. అంతవరకు కారును రోడ్డెక్కించవద్దు.