కాలర్ గుండీ ఎవరి మెడలో ఉంది?

ప్రశ్న: మాకు డిగ్రీలో ఇ.ఎం. ఫోర్‌స్టర్ నవల ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’ ఉంది. తెల్లవాళ్లూ మనవాళ్లూ కలిసిమెలిసి బతకడమే దాని ఇతివృత్తమని గైడులో ఉంది. చదివితే ఎక్కడా కలిసినట్టే లేరు. పరీక్షలో ఏం రాయాలి?
– ఒక విద్యార్థిని, ఏలూరు

జవాబు: గైడు పక్కన పెట్టమ్మా, నువ్వు చదివిందే రాయి. నేను ఈ పాఠం ఎప్పుడూ ఒక గుండీతో మొదలుపెట్టేవాణ్ని. మా తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన ఇత్తడి కాలర్ స్టడ్. అప్పట్లో కాలరు చొక్కాకు కుట్టి ఉండేది కాదు. విడిగా తగిలించుకుని మెడ వెనక ఈ గుండీతో బిగించేవారు.

7వ అధ్యాయంలో కాలేజీ ప్రిన్సిపాల్ ఫీల్డింగ్ ముస్తాబవుతూ తన గుండీని తొక్కేసుకుంటాడు. అప్పుడే తొలిసారి ఆ ఇంటికొచ్చిన డాక్టర్ అజీజ్, తన దగ్గర ఇంకోటి ఉందని అబద్ధమాడి, మెడ వెనకున్న బంగారు గుండీ పీకి ఇచ్చేస్తాడు. తర్వాతి అధ్యాయంలో మేజిస్ట్రేట్ రోనీ, అజీజ్‌కి కాలర్ గుండీ లేదని ఎత్తిపొడిచి, భారతీయులంటేనే అశ్రద్ధ అని తేల్చేస్తాడు. ఆ గుండీ తెల్లవాడి మెడలో ఉందని అతనికేం తెలుసు? క్లాసులో ఇక్కడ కాసేపు ఆగేవాణ్ని.

ఆ కాలరు అజీజ్‌కేమీ సరదా కాదు. దొరల వేషంలో సైకిలు తొక్కితే పోలీసులు పట్టించుకోరట. ముస్లింలు పెట్టుకునే ఫెజ్ టోపీ పెట్టుకుంటే మాత్రం దీపం ఆరిందని కేకేస్తారట.

జార్జ్ ఆర్వెల్ నవల ‘బర్మీస్ డేస్’ (1934) ఇంకా చేదు. అందులో తెల్లవాడూ, బర్మా అమ్మాయీ కలిసే ఉంటారు. కలప వ్యాపారి ఫ్లోరీ, మా హ్లా మే అనే అమ్మాయిని కన్నవాళ్ల దగ్గర 300 రూపాయలకు కొంటాడు. తనకు నచ్చిన తెల్లమ్మాయి ఇంటికొచ్చి ఈమె ఎవరని అడిగితే, పనివాడి భార్య అనేస్తాడు.

అలాగని ఫోర్‌స్టర్‌కు స్నేహం తెలియదనుకోకు. 1924లో వచ్చిన ఆ నవలను తన భారతీయ మిత్రుడు సయ్యద్ రాస్ మసూద్‌కూ, తమ 17 ఏళ్ల స్నేహానికీ అంకితమిచ్చాడు. ఇంగ్లండులో మసూద్‌కు లాటిన్ చెప్పడానికి వెళ్లి కలిశాడు. ఆ మసూద్ తర్వాత మన హైదరాబాదులోనే నిజాం సర్కారు విద్యాశాఖ డైరెక్టర్. తెల్లవాళ్లతో స్నేహం ఇంగ్లండులోనైతే కుదురుతుందని నవల మొదట్లో అజీజ్ స్నేహితుడు హమీదుల్లా అంటాడు చూడు, ఆ మాట దగ్గర గీత గీసుకో.

పరీక్షకు ముందు 7, 8 అధ్యాయాలు ఏకబిగిన చదువు. జవాబు గుండీతోనే మొదలుపెట్టు. దిద్దేవాళ్లు కూడా గైడే చదివి ఉంటే మాత్రం నీ అదృష్టం!