చుక్కలు సరే, రెప్పల సంగతి చూడు

చిన్నీ,

నీ కళ్ళ సంగతి మీ అమ్మ చెప్పింది. పొద్దున లేచేసరికి రెప్పలకు పుసులు, సాయంత్రానికి ఇసుక పడ్డట్టు గరగర, మళ్ళీ ఏసీలో కూర్చుంటే నీళ్ళు కారడం. మూడు నెలలుగా చుక్కలు వేస్తున్నా తగ్గట్లేదని టెన్షన్ పడుతున్నావట. కంటి వార్డులో నర్సుగా చేసినదాన్ని, పదేళ్ళుగా ఇదే బాధ పడుతున్నదాన్ని కాబట్టి రాస్తున్నాను.

కన్ను పొడిబారితే నీళ్ళెందుకు కారతాయని అడిగావట. పొడికి కన్ను మండుతుంది, ఆ మంటకే నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళు నిలవవు. నిలవాలంటే పైన పల్చటి నూనె పొర ఉండాలి. ఆ నూనె వచ్చేది రెప్ప అంచుల్లోంచే. వెంట్రుకల వెనకాల సన్నటి గ్రంథులు బారుగా ఉంటాయి, పై రెప్పలో 30 దాకా, కింద ఇంకొంచెం తక్కువ. 1666లో వీటి గురించి వివరంగా రాసిన జర్మన్ వైద్యుడు మైబోమ్ పేరు మీదే మైబోమియన్ గ్రంథులంటారు. రెప్ప అంచు వాస్తే (డాక్టరు చీటీలో బ్లెఫరైటిస్ అని ఉంటుంది) ఆ నూనె చలికాలం కొబ్బరినూనెలా గడ్డకడుతుంది. దారి మూసుకుపోతుంది, కన్నీరు ఆవిరైపోతుంది. అందుకే చుక్కలొక్కటే చాలవు.

గడ్డకట్టిన నూనెను కరిగించాలి కదా, దానికి కాపడం. శుభ్రమైన మెత్తటి గుడ్డను చెయ్యి హాయిగా ఓర్చుకునేంత వేడినీళ్ళలో ముంచి పిండి, మూసిన కళ్ళమీద 5 నుంచి 10 నిమిషాలు పెట్టు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది, మళ్ళీ మళ్ళీ ముంచాలి. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపు వేలితో మెల్లగా నిమురు. కనుగుడ్డును నొక్కకు. చివర్లో తడి దూదితో వెంట్రుకల మొదళ్ళ పొట్టు తుడువు. మొదట్లో రోజుకు రెండుసార్లు చెయ్యి, నెమ్మదించాక ఒకసారి చాలు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. కాస్త తగ్గగానే కాపడం మానేశాను, తిరగబెట్టింది. అప్పుడు డాక్టరును అడక్కుండా మందుల షాపులో ఎరుపు తగ్గే చుక్కలు తెచ్చుకుని రెండు నెలలు వేశాను. అందులో స్టెరాయిడ్ ఉంది. హాయిగా అనిపించింది కానీ కంటి ప్రెషర్ పెరిగింది. అన్నీ తెలిసిన నర్సునై ఉండి అలా చేశానని ఇప్పటికీ బాధే.

చుక్కలు రోజుకు నాలుగుసార్ల కన్నా ఎక్కువ వేస్తుంటే ప్రిజర్వేటివ్ (సీసాలో మందు చెడిపోకుండా కలిపే రసాయనం) లేనివి రాయమని డాక్టరును అడుగు. వాపు మొండిగా ఉంటే ఆయింట్‌మెంటు, డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలూ ఇస్తారు. ఆ మాత్రలు గర్భిణులకు పడవు, బిడ్డ కోసం ఆలోచన ఉంటే డాక్టరుకు ముందే చెప్పు. తలలో చుండ్రు ఉంటే దానికీ మందు వాడు. రెప్ప లోపలి అంచున కాటుక కొన్నాళ్ళు ఆపు. కంప్యూటర్ ముందు రెప్ప ఆర్పడం బాగా తగ్గిపోతుంది, గుర్తుపెట్టుకుని నిండుగా ఆర్పు. చూపు తగ్గినా, నొప్పి పెరిగినా, వెలుతురు ఓర్చుకోలేకపోయినా మాత్రం ఆరోజే ఆస్పత్రికి వెళ్ళు.

ఆదివారం ఇంటికి రా. కాపడం ఎలా పెట్టాలో దగ్గరుండి చూపిస్తాను.

నీ పెద్దమ్మ