రాత్రి ఆకాశంలో పైలట్లకు కనిపించే వెలుగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్కారం. మా అబ్బాయి ఒక విమానయాన సంస్థలో కో-పైలట్. గల్ఫ్ నుంచి తెల్లవారుజామున హైదరాబాద్ చేరే విమానాలు ఎక్కువగా నడుపుతుంటాడు. ఈమధ్య అరేబియా సముద్రం మీద ఉండగా తూర్పు దిక్కున, దిగంతానికి కాస్త పైన, ఒక వెలుగు ఉన్నట్టుండి బాగా ప్రకాశించి కొన్ని క్షణాల్లో ఆరిపోయిందనీ, ఆ పక్కనే ఇంకొకటి వెలిగిందనీ, ఇలా చాలాసేపు సాగిందనీ చెప్పాడు. కెప్టెన్ గారు కూడా చూశారట, కానీ ఈ సంగతి ఎక్కడా అనవద్దన్నారట. అవి ఏమై ఉంటాయి? చెబితే వాడి ఉద్యోగానికి ఇబ్బందా?
(ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: వేళ, దిక్కు, ఎత్తు, వెలుగు నిలిచిన సమయం: ఈ నాలుగు వివరాలనూ మీ అబ్బాయి గమనించి చెప్పాడు కనుక జవాబు వెతకడం చాలా తేలికైంది. వాటిని బట్టి చూస్తే అవి ఇంటర్నెట్ సేవల కోసం స్పేస్‌ఎక్స్ సంస్థ పంపిన స్టార్‌లింక్ ఉపగ్రహాల మెరుపులు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. 2019 మే నెలలో ఒకే రాకెట్ మీద 60 ఉపగ్రహాలతో మొదలైన ఆ వ్యవస్థలో ఇప్పుడు వేల ఉపగ్రహాలున్నాయి. వాటిలో చాలా భాగం సుమారు 480 నుంచి 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాయి. వాటి అడుగుభాగం చదునుగా ఉంటుంది. సూర్యుడు దిగంతానికి సుమారు 40 డిగ్రీల కింద ఉన్న వేళ, సూర్యుడున్న దిక్కులోనే, ఆకాశపు అంచున రెండు వేల కిలోమీటర్లకు పైబడిన దూరంలో వెళ్తున్న ఉపగ్రహాల అడుగుకు తగిలిన ఎండ పరావర్తనం చెంది మన వైపు వస్తుంది. మనం దారిన పోతుంటే దూరాన పొలంలోని రేకుల షెడ్డు ఒక్క చోటు నుంచి మాత్రమే తళుక్కుమన్నట్టు, ఒక్కొక్క ఉపగ్రహమూ ఆ కోణంలోకి రాగానే వెలిగి, దాటగానే ఆరిపోతుంది. దాని వెనకే మరొకటి అదే చోటికి వస్తుంది కాబట్టి, చూసేవారికి ఒకే వస్తువు అక్కడక్కడే చక్కర్లు కొడుతున్నట్టు తోస్తుంది.

మన ప్రాంతపు అక్షాంశాల్లో సూర్యుడు అంత కిందుగా ఉండేది సూర్యోదయానికి సుమారు రెండున్నర, మూడు గంటల ముందు. సరిగ్గా ఆ వేళకే గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు తూర్పు ముఖంగా సముద్రం దాటుతుంటాయి. నేల మీదివాళ్లకు దుమ్ము, మంచు, చెట్లు, భవనాలు ఆకాశపు అంచును కప్పేస్తాయి. 35,000 అడుగుల ఎత్తున ఆ అడ్డంకులేవీ ఉండవు. అందుకే మనలో చాలామంది ఎన్నడూ చూడని ఈ మెరుపులు పైలట్లకు తరచుగా కనిపిస్తున్నాయి. ఉపగ్రహాల కక్ష్యల వివరాలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. మీ అబ్బాయి ఆ రోజు తేదీ, సమయం, విమానం ఉన్న స్థానం రాసుకుని ఉంటే, ఆ క్షణంలో ఆ దిక్కున ఏ ఉపగ్రహాలున్నాయో ఇప్పుడైనా సరిచూసుకోవచ్చు.

ఇక చెప్పాలా వద్దా అన్న సంగతి. చెప్పాలి. ఈ మాట నేను తేలికగా అనడం లేదు. ఉరుములతో కూడిన పెద్ద మేఘాలకు ఎంతో పైన ఎర్రటి వెలుగులు క్షణకాలం మెరిసి మాయమవుతున్నాయని పైలట్లు దశాబ్దాల పాటు చెప్పారు. మేఘం పైన కూడా విద్యుత్ ఉత్సర్గం జరగగలదని నోబెల్ గ్రహీత సి.టి.ఆర్. విల్సన్ 1920ల్లోనే ఊహించినా, పైలట్ల మాటను పట్టించుకున్నవారు తక్కువ. 1989 జులై 6న మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు రాకెట్ ప్రయోగం కోసం సిద్ధం చేసుకున్న, మసక వెలుతురులో కూడా పనిచేసే కెమెరాను పరీక్షిస్తుండగా అలాంటి మెరుపు అనుకోకుండా చిత్రంలో పడింది. భూమికి సుమారు 50 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున, సెకనులో అతి చిన్న భాగంలో ముగిసిపోయే ఈ మెరుపులను ఇప్పుడు స్ప్రైట్లు అంటున్నారు. వాటి మీద పెద్ద పరిశోధనారంగమే ఏర్పడింది. ఆ పైలట్లు చూసింది నిజం. నవ్వుతారేమోనన్న భయంతో ఎందరు నోరు మూసుకున్నారో, దానివల్ల ఎన్నేళ్ల పరిశీలన మనకు దక్కకుండా పోయిందో తలచుకుంటే బాధ కలుగుతుంది.

2018 నవంబర్ 9 ఉదయం ఐర్లాండ్ నైరుతి తీరం దగ్గర ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ పైలట్ షానన్ విమాన నియంత్రణ కేంద్రాన్ని పిలిచి, ఇక్కడ సైనిక విన్యాసాలేమైనా జరుగుతున్నాయా అని నేరుగా అడిగారు. తీవ్రమైన వెలుగు ఒకటి అతి వేగంగా తమను దాటిపోయిందని చెప్పారు. అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న మరికొందరు పైలట్లు తామూ చూశామన్నారు. ఐర్లాండ్ విమానయాన నియంత్రణ సంస్థ దాన్ని మామూలు పద్ధతిలోనే విచారణకు తీసుకుంది. అవి ఉల్కలు అయి ఉండవచ్చని ఖగోళ శాస్త్రజ్ఞులు చెప్పారు. అడగడంలో చిన్నతనం లేదని తెలియడానికి ఈ ఒక్క సంఘటన చాలు. 2023 సెప్టెంబర్‌లో నాసా నియమించిన నిపుణుల బృందం కూడా, ఇలాంటివి చెబితే పరువు పోతుందన్న భావన వల్లే సమాచారం అందకుండా పోతోందని స్పష్టంగా రాసింది. మన దేశంలోనూ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు స్వచ్ఛందంగా నివేదిక పంపే ఏర్పాటు ఉంది. సంస్థలోని భద్రతా విభాగానికి రాయడం అంతకన్నా దగ్గర దారి. నివేదికలో ఎవరి ఊహా అక్కర్లేదు. కనిపించింది కనిపించినట్టు, సమయంతో సహా రాస్తే, దానివల్ల ఎవరికీ తలవంపు ఉండదు.

ప్రశ్న: పైలట్లు వేల గంటలు ఆకాశంలో గడిపినవారు. వారు కూడా నక్షత్రాన్నో ఉల్కనో చూసి పొరబడతారంటే నమ్మడమెలా?
(విశ్రాంత ఉపాధ్యాయులు, ఖమ్మం)

జవాబు: వారి నిజాయతీని శంకించనక్కర్లేదు. చీకట్లో, పక్కన ఆనవాలు ఏదీ లేని చోట, ఒంటరి వెలుగు దూరాన్ని, పరిమాణాన్ని అంచనా వేసే శక్తి మనిషి కంటికి లేదు. ఎంత శిక్షణ ఇచ్చినా రాదు. కదలని చుక్కను చీకట్లో తదేకంగా చూస్తే అది కదులుతున్నట్టు అనిపిస్తుందని పైలట్లకు శిక్షణలోనే చెబుతారు. పైగా ఎదురుగా వచ్చేదాన్ని ముందు విమానంగా భావించి జాగ్రత్తపడడం వారి వృత్తిధర్మం. 2011 జనవరిలో టొరొంటో నుంచి జ్యూరిక్ వెళ్తున్న ఎయిర్ కెనడా విమానంలో, కునుకు తీసి అప్పుడే లేచిన ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) మొదట శుక్రగ్రహాన్ని విమానం అనుకున్నారు. తర్వాత వెయ్యి అడుగుల కింద ఎదురుగా వస్తున్న అసలు విమానం కనబడగానే, అది పైనుంచి తమ మీదికి దిగుతోందని భ్రమపడి విమానాన్ని ఒక్కసారిగా కిందికి తోశారు. 16 మంది గాయపడ్డారు. కెనడా రవాణా భద్రతా మండలి నివేదికలో ఇదంతా వివరంగా ఉంది.

ఇంకా ఆశ్చర్యం కలిగించేది మరొకటి ఉంది. 1948 జులై 24న తెల్లవారుజామున అమెరికాలోని అలబామా మీదుగా వెళ్తున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ పైలట్లు చైల్స్, విటెడ్ చుట్ట ఆకారంలో, రెండు వరుసల కిటికీలతో, వెనక మంటలు చిమ్ముతూ ఒక వాహనం తమ పక్కగా దూసుకుపోయిందని చెప్పారు. మెలకువగా ఉన్న ప్రయాణికుడు ఒక్కరే. ఆయనకు కనిపించింది వెలుగు గీత మాత్రమే. ఇరవై ఏళ్ల తర్వాత, 1968 మార్చి 3 రాత్రి, సోవియట్ యూనియన్ చేసిన జోండ్-4 అంతరిక్ష ప్రయోగానికి చెందిన శకలాలు వాతావరణంలో కాలిపోతూ అమెరికా తూర్పు రాష్ట్రాల మీదుగా సాగాయి. చూసినవారిలో కొందరు అది కిటికీలున్న చుట్ట ఆకారపు వాహనం అని రాసి పంపారు. అక్కడ ఉన్నవి విడివిడిగా మండుతున్న ముక్కలు; వాటిని కలిపి నల్లటి ఒళ్లు కల్పించింది చూసినవారి మనసు. 2022 ఏప్రిల్ 2న, మన ఆసిఫాబాద్‌కు పొరుగునున్న చంద్రపూర్ జిల్లాలో జనం చూసిన నిప్పుల వరుస కూడా ఇలాంటిదే. అది చైనా రాకెట్ భాగం కాలిపోవడమేనని నిపుణులు తేల్చారు. అక్కడ పెద్ద లోహపు వలయం నేలకు చేరింది కూడా.

అలాగని అన్నింటికీ ఇదే జవాబు అనడం న్యాయం కాదు. 1986 నవంబర్ 17న అలాస్కా మీద జపాన్ ఎయిర్‌లైన్స్ సరుకు విమానం కెప్టెన్ తెరౌచీ చాలాసేపు వెలుగులు వెంటవచ్చాయని చెప్పారు. బృహస్పతి అనీ, రాడార్‌లో కనిపించినది విమానం తాలూకు ప్రతిబింబమేననీ వివరణలు వచ్చాయి. పరిశీలించమని పంపిన ఇంకో విమానం వారికి ఏమీ కనబడలేదు. అయినా మొదట్లో తమకు ఎదురుగా, అతి దగ్గరగా కనిపించాయన్న వెలుగుల గురించి ఆయన చెప్పినదానికి ఈ వివరణలు సరిపోవని నా అభిప్రాయం. జవాబు దొరకనిదాన్ని దొరకనిదిగానే నమోదు చేయాలి. ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలో 1977 నుంచి ఇలాంటి నివేదికలను పరిశీలిస్తున్న విభాగం చేస్తున్నది అదే: వివరణ దొరికినవి, సమాచారం చాలనివి, సమాచారం ఉన్నా వివరణకు లొంగనివి అని వేరువేరుగా ఉంచుతుంది. చివరి రకం చాలా కొద్ది.

ప్రశ్న: కిటికీ పక్క సీటులో ఉన్న ప్రయాణికులకు అలాంటి వెలుగు కనబడితే ఫోన్‌లో తీయడం వల్ల ఉపయోగం ఉంటుందా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: ఉంటుంది, కొద్దిపాటి జాగ్రత్త తీసుకుంటే. విమానం కిటికీకి ఒకటికి మించి పొరలుంటాయి. లోపలి దీపాలు వాటిలో రెండు మూడు ప్రతిబింబాలుగా పడి, బయట బారులు తీరిన వెలుగుల్లా కనిపిస్తాయి. తల మీది దీపం ఆర్పి, ఫోన్‌ను అద్దానికి ఆనించి, చుట్టూ దుప్పటి కప్పి తీయండి. జూమ్ చేయకండి, చేస్తే దృష్టి చెదిరి చుక్క కాస్తా పెద్ద పళ్లెంలా తయారవుతుంది. రెక్క అంచు గానీ, తెలిసిన నక్షత్రం గానీ చిత్రంలో పడేలా చూడండి, అప్పుడే కోణం కొలవడం కుదురుతుంది. ఫ్లైట్ నంబరు, సీటు నంబరు, నిమిషంతో సహా సమయం రాసుకోండి. మీరు ఆ క్షణాన ఏ సముద్రం మీద ఉన్నారో విమానాల జాడ చూపే యాప్‌లు చెబుతాయి. మిగిలింది కక్ష్యల లెక్క.