వన్ డైమెన్షన్ క్వాంటమ్ లెక్కలు: ముందు బొమ్మ, తర్వాతే ఈక్వేషన్

క్వాంటమ్ మెకానిక్స్ క్లాసులో సార్ బోర్డు మీద చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, అదే లెక్క పొటెన్షియల్ (ఏ చోట పార్టికల్‌కి ఎంత స్థితిశక్తో చెప్పేది) కొంచెం మార్చి ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు, అని అడిగారు కదా. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్లో నాదీ సరిగ్గా ఇదే పరిస్థితి. డిగ్రీ దాకా తెలుగు మీడియం, వేవ్ ఫంక్షన్‌ని (పార్టికల్ ఎక్కడ దొరకొచ్చో చెప్పేది, గుర్తు సై) తరంగ ప్రమేయం అని చదువుకుని వచ్చినవాణ్ణి. అర్థం కానిదంతా బట్టీ కొట్టడమే. బాక్స్ (రెండు అనంతమైన గోడల మధ్య చిక్కిన పార్టికల్) అంటే సైన్, ఎనర్జీ అంటే స్థాయి నంబర్ ఎన్‌కి స్క్వేర్, అంతే.

మొదటి ఇంటర్నల్లో బాక్స్‌ని 0 నుంచి ఎల్ దాకా కాకుండా మైనస్ ఎల్ బై 2 నుంచి ప్లస్ ఎల్ బై 2 దాకా ఇచ్చారు. నేను చూసుకోకుండా పాత సైన్ ఫార్ములానే దింపేశాను. దాంతో గ్రౌండ్ స్టేట్ (అన్నిటికన్నా తక్కువ ఎనర్జీ ఉన్న స్థితి) సై బాక్స్ మధ్యలో సున్నా అయింది, సున్నా కావాల్సిన గోడ దగ్గరేమో గరిష్ఠం అయి కూర్చుంది. పదికి రెండు మార్కులు, అవి కూడా సై ఎలా ఉండాలో చెప్పే ష్రోడింగర్ ఈక్వేషన్ తప్పుల్లేకుండా రాసినందుకు వేసుంటారు. బొమ్మ ఒక్కసారి గీసుంటే పది సెకన్లలో దొరికిపోయే తప్పు అది.

అప్పట్నుంచీ నా అలవాటు ఏంటంటే, పెన్ను పట్టగానే ముందు పొటెన్షియల్ గీస్తా, దాని మీద ఎనర్జీ ఎంతో ఒక అడ్డగీత గీస్తా. గీత పొటెన్షియల్ కన్నా పైన ఉన్న చోట సై అలలా ఊగుతుంది, అంటే సైన్, కొసైన్. కింద ఉన్న చోట ఎక్స్‌పొనెన్షియల్, ఆ చోటు అనంతం దాకా సాగితే దూరం వెళ్లేకొద్దీ తగ్గిపోయేదే ఉంచాలి, పెరిగిపోయేదాన్ని కొట్టేయాలి. ఎనర్జీకీ పొటెన్షియల్‌కీ తేడా ఎక్కువున్న చోట అలలు దగ్గరదగ్గరగా ఉంటాయి. గ్రౌండ్ స్టేట్ మధ్యలో ఎక్కడా సున్నాని దాటదు, ఆ పై స్టేట్ ఒకసారి దాటుతుంది, దాని పైది రెండుసార్లు. పొటెన్షియల్ అటూ ఇటూ ఒకేలా ఉంటే ఈవెన్ (సై అటూ ఇటూ ఒకేలా ఉండేది), ఆడ్ (అటు వైపు గుర్తు మారేది) విడివిడిగా తీసుకుని సగం బొమ్మ మీదే లెక్క చేస్తే చాలు, పని సగానికి పడిపోతుంది. ఇంత చేశాక మీకు సై ఆకారం చేతిలో ఉన్నట్టే, ఇక లెక్క చేసేది అంకెల కోసమే.

బౌండరీ కండిషన్ల దగ్గర చాలామంది తడబడతారు. సై ఎక్కడా తెగకూడదు. దాని వాలు కూడా తెగకూడదు, కానీ పొటెన్షియల్ అనంతానికి దూకే చోట ఆ రూలు పనిచేయదు. బాక్స్ గోడ దగ్గర వాలు తెగొచ్చు, డెల్టా (ఒకే బిందువు దగ్గర సూదిలా ఉండే పొటెన్షియల్) దగ్గర సై సున్నా కాకపోతే తెగి తీరాలి, ఎంత తెగుతుందన్నది అక్కడి సై విలువని బట్టి ఉంటుంది.

ఎనర్జీకి కొన్ని విలువలే ఎందుకొస్తాయన్నది నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. లోతు పరిమితంగా ఉన్న బావిలో (మధ్యలో పొటెన్షియల్ తక్కువ, రెండు పక్కలా ఎక్కువ) ఈవెన్ స్టేట్ తీసుకోండి. లోపల కొసైన్‌కి ఒక స్థిరాంకం, బయట ఎక్స్‌పొనెన్షియల్‌కి ఒకటి. వాటి నిష్పత్తి ఒక్కటే తెలియాలి, కానీ గోడ దగ్గర కండిషన్లు రెండున్నాయి (సై తెగకూడదు, వాలు తెగకూడదు). మిగిలిపోయిన ఆ రెండో కండిషన్ ఎనర్జీ మీద పడుతుంది, అందుకే ఏ ఎనర్జీ పడితే అది కుదరదు. అదే స్టెప్ పొటెన్షియల్ (ఒక చోట మెట్టులా పైకి లేచి అలాగే ఉండేది) అయితే తెలియనివి రెండు (వెనక్కి వచ్చే అల, ముందుకు పోయే అల), కండిషన్లూ రెండే, కాబట్టి ఎనర్జీ మీరేది ఇచ్చినా ఒప్పుకుంటుంది.

స్టెప్ అంటే గుర్తొచ్చింది, అక్కడ ఇంకో గుంట ఉంది. ఎనర్జీ స్టెప్ ఎత్తుకి 4/3 రెట్లు అనుకోండి, వేవ్ నంబర్ (అలలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పేది) స్టెప్ దాటాక సగమవుతుంది. రిఫ్లెక్షన్ 1/9 వస్తుంది. ముందుకు పోయే అల ఆంప్లిట్యూడ్‌ని స్క్వేర్ చేస్తే 16/9. వందలో నూట డెబ్బై ఏడు పార్టికల్స్ దాటేశాయా అని హాస్టల్లో నవ్వుకున్నాం. దాన్ని వేవ్ నంబర్ల నిష్పత్తితో, అంటే ఇక్కడ 1/2తో గుణించాలి, ఎందుకంటే దాటాక వేగం తగ్గింది, మనం లెక్కపెట్టాల్సింది ప్రవాహాన్ని. అప్పుడు 8/9, మొత్తం కలిపి 1.

ఇక బావి లెక్క ఒకటి అంకెలతో చేసి చూడండి, థియరీ ఎంత చదివినా ఇది చేస్తేనే భయం పోతుంది. ఎలక్ట్రాన్, వెడల్పు 1 నానోమీటర్, లోతు 1 ఎలక్ట్రాన్ వోల్ట్. ఎలక్ట్రాన్‌కి హెచ్ బార్ స్క్వేర్ బై 2ఎమ్ (హెచ్ బార్ అంటే ప్లాంక్ స్థిరాంకం బై 2పై, ఎమ్ ద్రవ్యరాశి) విలువ 0.0381 ఎలక్ట్రాన్ వోల్ట్ నానోమీటర్ స్క్వేర్, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే కేజీలు, జౌళ్ల గొడవ ఉండదు. సగం వెడల్పుని అత్యధిక వేవ్ నంబర్‌తో (అడుగు నుంచి కొలిచిన ఎనర్జీ బావి లోతుకి సమానమైతే వచ్చేది) గుణిస్తే 2.56 వస్తుంది. దీన్ని పై బై 2తో భాగిస్తే 1.63, దాని పై పూర్ణాంకం తీసుకుంటే స్టేట్లు రెండు. జెడ్ అంటే సగం వెడల్పు ఇంటూ లోపలి వేవ్ నంబర్ అనుకుంటే, ఈవెన్‌కి జెడ్ ట్యాన్ జెడ్ కర్వూ, 2.56 వ్యాసార్ధమున్న వృత్తమూ ఎక్కడ కలుస్తాయో చూడాలి.

నేను మొదటిసారి చేసినప్పుడు గ్రౌండ్ స్టేట్ 0.998 వచ్చింది, బావి అంచు దాకా. రాత్రి ఒంటిగంట దాకా ఆల్జీబ్రా తిరగేస్తూనే ఉన్నాను. చివరికి రూమ్మేట్ వచ్చి, ఇదే వెడల్పుకి గోడలు అనంతమైతే ఎంతరా అని అడిగాడు. 0.376. గోడలు మెత్తబడితే సై కొంచెం బయటికి చాచుకుంటుంది, వంపు తగ్గుతుంది, ఎనర్జీ ఇంకా తగ్గాలి గానీ పెరగడమేంటి? చూస్తే కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంది! రేడియన్లలో పెట్టగానే 0.19 వచ్చింది. ఆడ్ స్టేట్ 0.70. తమాషా ఏంటంటే బాక్స్ ఫార్ములాని నమ్ముకుంటే రెండో స్థాయి 1.50, బావికి పైన ఉంటుంది కాబట్టి ఒకే స్టేట్ ఉందని రాసేసి వచ్చేవాళ్లం.

ఇదే బావిని 3 ఎలక్ట్రాన్ వోల్టుల లోతుతో చేయండి, స్టేట్లు మూడు రావాలి. రాకపోతే మీరు గీసిన బొమ్మ ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, చూస్తాను.