హార్డ్ డిస్క్ 54 డిగ్రీలకు చేరుతుంటే

కంప్యూటర్ క్యాబినెట్‌లో ఒకదానికొకటి ఆనుకొని ఉన్న మీ రెండు హార్డ్ డిస్కులలో పైది, పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు 54 డిగ్రీలకు చేరుతోందని రాశారు. డెస్క్‌టాప్ డిస్కులకు తయారీదారులు సాధారణంగా 60 డిగ్రీల వరకు అనుమతిస్తారు కనుక వెంటనే భయపడనక్కరలేదు గానీ, వేసవిలో గది మరో ఐదారు డిగ్రీలు వేడెక్కితే ఆ హద్దు తగులుతుంది. ముందుగా రెండింటి మధ్య డిస్కు బిగించే అర ఒకటి ఖాళీగా వదిలి, ముందువైపు 120 మిల్లీమీటర్ల ఫ్యానును, దాని చట్రం మీద బాణం గుర్తు ఉంటే అది డిస్కుల వైపు చూపేలా బిగించండి. పక్క మూత తీసేయమని చాలామంది చెబుతారు. అలా చేస్తే గాలి డిస్కుల మీదుగా పోకుండా చెదిరిపోవచ్చు కనుక నేను దానిని సిఫారసు చేయను. ఉష్ణోగ్రతను విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో, లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ (smartctl) అనే ఆదేశం చూపే పట్టికలోని 194వ అంశంలో చూడవచ్చు. కాపీ మొదలైన అరగంట తరువాత కనిపించే అంకెనే లెక్కలోకి తీసుకోండి.