రేట్ మ్యాప్ బాగుంది, థీటా ఫేజ్ వాలు మాత్రం రావట్లేదు: సమాధానం

ప్లేస్ సెల్ (ఎలుక ఒక నిర్దిష్టమైన చోట ఉన్నప్పుడు పేలే మెదడు కణం) రేట్ మ్యాప్, అంటే ఏ చోట ఎంత ఎక్కువగా పేలిందో చూపే పటం, బాగానే వచ్చినా, స్పైకులు (ఆ కణం విద్యుత్ సంకేతాలు) థీటా అనే మెదడు అలలో ఏ దశలో (ఫేజ్) పడ్డాయో చూపే గ్రాఫులో వాలు రావట్లేదని అడిగారు. ఎలుక ట్రాక్ మీద వెళ్ళేటప్పటి స్పైకులనూ, తిరిగొచ్చేటప్పటి స్పైకులనూ ఒకే గ్రాఫులో కలిపేసినట్టున్నారు. ప్లేస్ సెల్ రేట్ మ్యాప్ చక్కగా వచ్చి, ఫేజ్ గ్రాఫులో చుక్కల గుంపే మిగలడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

1993లో జాన్ ఓకీఫ్, సహ పరిశోధకుడు చూపించిన విషయం గుర్తుచేసుకోండి. ఎలుక ఫీల్డ్‌లోకి (ఆ సెల్ పేలే చోటులోకి) రాగానే స్పైకులు థీటా చక్రంలో ఆలస్యంగా పడతాయి, లోపలికి పోయేకొద్దీ ప్రతి చక్రంలో ఇంకాస్త ముందుకు జరుగుతాయి. అంటే లెక్క ప్రవేశించిన అంచు నుంచి. తిరుగు ప్రయాణంలో ఆ అంచు అవతలి వైపుది. రెండు వాలులూ కత్తెరలా అడ్డం పడి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

1. ముందు దిశల వారీగా విడదీయండి, రేట్ మ్యాప్‌తో సహా. ఇరుకు ట్రాక్ మీద చాలా సెల్స్ ఒక దిశలోనే గట్టిగా పేలతాయి.
2. వేగం సెకనుకు 5 సెం.మీ. లోపు ఉన్న క్షణాలు తీసేయండి. ఎలుక ఆగితే థీటా సన్నగిల్లి, రిపుల్స్ (ఆగినప్పుడు వచ్చే వేగమైన చిన్న మెదడు అలలు) సమయపు స్పైకులు చొరబడతాయి.
3. 6–10 హెర్ట్జ్ ఫిల్టర్‌ను ముందుకూ వెనక్కూ నడిపి, ఆపైన హిల్బర్ట్ (ప్రతి క్షణపు ఫేజ్‌ను ఇచ్చే గణిత పద్ధతి). ఒకవైపే నడిపితే ఫేజ్ మొత్తం పక్కకు జరుగుతుంది (వాలు పోదు, అంకెలు తప్పుతాయి).
4. మామూలు రిగ్రెషన్ వద్దు. దానికి 359, 1 డిగ్రీలు రెండు కొసలు, నిజానికి పక్కపక్కనే. ఫేజ్‌ను వృత్తంలా చూసే సర్క్యులర్-లీనియర్ ఫిట్ వాడండి.

అప్పటికీ గుంపుగానే ఉంటే స్పైకుల మధ్య విరామాలు చూడండి. ఒకే సెల్ అంత వెంటనే మళ్ళీ పేలలేదు కాబట్టి, 2 మిల్లీసెకన్ల లోపువి చాలా ఉంటే మీ క్లస్టర్‌లో (ఒకే సెల్‌వని వేరుచేసిన స్పైకుల గుంపులో) రెండు సెల్స్ కలిసిపోయాయి.